దెబ్బ తగిలితే సప్పుడు ఎట్ల వస్తది? చిన్నపిల్లలకు ఇంట్ల సామాన్లతోనే చూపించుడు ఎట్ల

మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలతోని "ధ్వని కంపనాల వల్ల పుడుతుంది" అని నోట్స్ రాయిస్తే రాస్తరు, పరీక్షల మార్కులు కూడ తెచ్చుకుంటరు, కానీ మర్నాడు తల్లె చేతిలకెల్లి జారి బండ మీద పడి ఇల్లంత మోగినప్పుడు "ఈ సప్పుడు ఎక్కడికెల్లి వచ్చిందిరా" అని అడుగుండ్రి, "కింద పడ్డది కదా, అందుకే" అంటరు. మరి పరుపు మీద పడితే ఎందుకు రాలే? ఈ ప్రశ్న కాడ పిల్లలు ఆగి ఆలోచిస్తరు. పాఠం గక్కడ షురూ చేయాలె.

రెండు వస్తువులు తాకినంత మాత్రాన సప్పుడు రాదు. తాకిన దెబ్బకు ఏదో ఒకటి వణకాలె, ఆ వణుకు పక్కన ఉన్న గాలిని నెట్టాలె, ఆ నెట్టుడు మన చెవి దాకా రావాలె. ఈ మూడింట్ల ఏ ఒక్కటి తెగినా సప్పుడు లేనట్టే. అందుకని కింద చెప్పే ప్రతి పని కాడ పిల్లలను రెండే ప్రశ్నలు అడుగుండ్రి: ఏది తాకింది? ఏది వణికింది? జవాబు మాత్రం మనం ముందే చెప్పొద్దు, వేళ్లకు తెలిసినంక వాళ్ల నోట్లకెల్లే వస్తది, అప్పటిదాక ఓపిక పట్టాలె.

కావల్సినవి

కొనేది దాదాపు ఏం లేదు. ఒక స్టీల్ తల్లె, పలుచటిది అయితే మంచిది, మందపు తల్లెలు అంతగ మోగయి. రెండు మూడు చెంచాలు, ఒక గంటె. నాలుగైదు గోటీలు. ఒక మీటరు దారం, పూలు కట్టేదైనా సరే. ఒక వెడల్పు గిన్నె, దాని మీద గుంజి కట్టేటందుకు పలుచటి ప్లాస్టిక్ కవరో పగిలిన బుగ్గ (బెలూన్) ముక్కనో, ఒక రబ్బర్ బ్యాండ్. పిడికెడు రవ్వ. పాత తువ్వాల. ఒకే సైజు స్టీల్ గిలాసలు నాలుగు. గాజువి వద్దు, పిల్లలు ఉత్సాహంల గట్టిగ కొడ్తరు, పగిలితే చేతులు కోసుకుంటరు.

ఇంట్ల నోట్ల పెట్టుకునే వయసు పసిపిల్లలుంటే గోటీలు పైలం, పని అయిపోంగనే లెక్కబెట్టి డబ్బాల ఏసేయ్యాలె. ఇంకోటి, ఎవ్వల చెవి పక్కన కూడ తల్లె కొట్టొద్దు, ఈ మాట షురూల్నే చెప్పి, రెండోసారి కూడ చెప్పుండ్రి.

మొదలుపెట్టే ముందర ఫ్యాను, కూలరు, టీవీ బంద్ చేయుండ్రి. ఇది చిన్న ముచ్చట లెక్క అనిపిస్తది గానీ సగం ప్రయోగాలు కూలర్ మోతలనే ఖరాబైతయి.

తల్లెతోని మొదలు

తల్లెను కింది నుంచి నడిమిట్ల మూడు వేళ్ల మీద నిలబెట్టుండ్రి, అంచులకు ఏది తగలొద్దు. ఇప్పుడు చెంచాతోని అంచు మీద ఒక్కటి కొట్టుండ్రి. మంచిగ మోగుతది, కొట్టుడు ఆపినంక కూడ కాసేపు మోగుతనే ఉంటది. ఈ "ఆపినంక కూడ" అనే దాని మీదికి పిల్లల ధ్యాస తేవాలె, ఎందుకంటే చెంచా తాకింది ఒక్క క్షణం, మోత మాత్రం ఇంకా ఉన్నది, అంటే సప్పుడు చేసేది చెంచా తాకుడు ఒక్కటే కాదు, ఇంకేందో ఉన్నది అని వాళ్లకు అనుమానం రావాలె.

మళ్ల కొట్టి, ఈసారి పిల్లగాని వేలు కొసను అంచుకు నిమ్మళంగ ఆనియ్యుమనుండ్రి. వేలుకు జుమ్మంటది. కొందరు భయపడి చెయ్యి తీసేస్తరు, కొందరు నవ్వుతరు, ఇంకోసారి ఇంకోసారి అంటరు. అననియ్యుండ్రి, ఇక్కడ తొందరపడొద్దు, ఈ జుమ్మనుడే పుస్తకంల ఉన్న కంపనం. గోరు ఆనిస్తే జిర్రుమని ఇంకో సప్పుడు కూడ వస్తది. తర్వాత తల్లె మోగుతున్నప్పుడే అంచును పిడికిలితోని గట్టిగ పట్టుకొమ్మనుండ్రి. మోత టక్కున ఆగిపోతది. వణుకు ఆగింది, సప్పుడు ఆగింది. రెండు ఒకటేసారి ఆగినయని పిల్లలు వాళ్లంతట వాళ్లు చెప్తరు చూడుండ్రి.

ఇప్పుడు అదే తల్లెను అరచేతిల మొత్తం ఆనిచ్చి పట్టుకొని కొట్టుండ్రి, డబ్బుమని చచ్చిన సప్పుడు వస్తది. తల్లె అదే, చెంచా అదే, దెబ్బ కూడ అంతే. చెయ్యి ఆ వణుకును తినేసింది. మన దిక్కు ఊర్ల బళ్ళల్ల గంటకు బదులు పాత రైలు పట్టా ముక్కను చెట్టుకో దూలానికో ఏలాడదీస్తరు కదా, దాన్ని నేల మీద పెట్టి కొడ్తే అంత దూరం ఎందుకు ఇనపడదో ఇక్కడ్నే అడుగుండ్రి. తల్లె, చెయ్యి చూసిన పిల్లలు ఎంబడే చెప్పేస్తరు.

వణుకు కండ్లకు కనపడాలంటే గిలాస నిండ అంచు దాక నీళ్లు పోసి, పైన అంచు పక్కన చెంచాతోని కొట్టుండ్రి, నీళ్ల మీద అంచు పొంట సన్నటి గీతల లెక్క అలలు లేస్తయి. కిటికీ దిక్కు పెట్టి వెలుతురు నీళ్ల మీద పడేటట్టు చూసుకుంటే బాగ కనపడ్తది, ట్యూబ్‌లైట్ కింద అంతగ కనపడది.

రవ్వ ఎగిరే గిన్నె

గిన్నె మీద కవరును గుంజి రబ్బర్ బ్యాండ్ ఏయుండ్రి. ముడతలు ఉండొద్దు, వేలితోని తట్టితే టప్పుమనాలె, అంత బిగుతుగ ఉండాలె. పైన రవ్వ పలుచగ చల్లుండ్రి. ఇప్పుడు తల్లెను గాలిల పట్టుకొని, గిన్నెకు దగ్గరగ తెచ్చి, తగలనియ్యకుంట గంటెతోని గట్టిగ కొట్టుండ్రి. రవ్వ ఎగురుతది.

గిన్నె పెట్టిన బల్లకు, తల్లె పట్టుకున్న మనిషికి సంబంధం ఉండొద్దు. క్లాసుల ఒక్క హుషారు పిల్ల అయినా ఉంటది, "టీచర్, బల్ల కదిలింది అందుకే ఎగిరింది" అంటది. ఆ పిల్లను మెచ్చుకోవాలె, అది అసలైన సైన్స్ ప్రశ్న, తర్వాత బల్లను ఎవ్వరు ముట్టకుంట మళ్ల చేసి చూపియ్యాలె. రవ్వ సరిగ్గ ఎగరకపోతే కవర్ వదులైనట్టు, లేకపోతే రవ్వ ఎక్కువ పోసినట్టు. దగ్గరికి వంగి లావు గొంతుతోని "ఓ..." అని అరిచినా ఎగురుతది, ఫోన్ల స్లో మోషన్ ఉంటే అది వీడియో తీసి చూపియ్యుండ్రి, పిల్లలు పది రోజులు మర్చిపోరు.

తల్లె రవ్వను ముట్టలే, గంటె ముట్టలే. మరి ఎవ్వరు నెట్టిండ్రు? గాలి. మన చెవి లోపల కూడ ఇసొంటిదే ఒక పలుచటి పొర ఉంటది, కర్ణభేరి అంటం, దాన్ని కూడ గాలే గిట్ల నెట్టుతది.

గాలి ఎట్ల నెట్టుతదో చూపెట్టేటందుకు ఎనిమిది పది మంది పిల్లలను లైన్ల నిలబెట్టుండ్రి, ముందున్నోల్ల భుజాల మీద చేతులేసి. ఆఖరున ఉన్నోన్ని మీరు మెల్లగ ముందుకు నెట్టుండ్రి. నెట్టుడు ఒకరి నుంచి ఒకరికి పోయి మొదట ఉన్నోని దాక చేరుతది, కానీ ఆఖరున ఉన్నోడు మొదటికి పోలే, ఉన్న జాగలనే ముందుకు ఊగి ఎనుకకు వచ్చిండు. గాలి కూడ అంతే, తల్లె దగ్గర గాలి ఎగిరొచ్చి మన చెవిల పడదు, నెట్టుడు మాత్రమే వస్తది. పెద్ద పెద్ద పిల్లలు కూడ "సప్పుడు గాలిల కొట్టుకొని వస్తది" అని రాస్తరు, అది గాలిదుమారం ముచ్చట, సప్పుడు ముచ్చట కాదు, ఈ వయసుల్నే సరిచేస్తే మంచిది.

ఇక్కడ ఎవరో ఒకరు గాలి లేకపోతే ఏమైతది అంటరు. 1660లో రాబర్ట్ బాయిల్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త గాజు పాత్ర లోపల ఒక గడియారాన్ని దారంతోని ఏలాడదీసి, పంపుతోని లోపలి గాలిని గుంజుకుంట పోయిండు, టిక్ టిక్ సప్పుడు తగ్గుకుంట పోయి ఇనపడకుంట అయింది, గాలి మళ్ల వదిలితే మళ్ల ఇనపడ్డది. గడియారం మాత్రం నడుస్తనే ఉన్నది.

చందమామ ముచ్చట ఇంకా మంచిగుంటది. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చందమామ మీద ఒక చేతిల సుత్తె, ఇంకో చేతిల పక్షి ఈక పట్టుకొని రెండు ఒకటేసారి వదిలిండు, గాలి అడ్డం లేదు కాబట్టి రెండు ఒకటేసారి నేల మీద పడ్డయి, ఆ వీడియో ఉన్నది, పిల్లలకు పెట్టుండ్రి. సుత్తె పడ్డ సప్పుడు మోసుకొచ్చేటందుకు అక్కడ గాలే లేదు. కానీ వణుకు లేదని మాత్రం అనొద్దు. అంతకు ముందు, 1969 నవంబర్‌ల అపోలో 12 వాళ్లు పని అయిపోయినంక ఖాళీ నౌక ముక్కను కావాలనే చందమామకు గుద్దించిండ్రు, నేల మీద పెట్టి వచ్చిన మిషన్ల చందమామ వణుకు దాదాపు గంట సేపు రికార్డ్ అయింది. ఏది తాకింది, ఏది వణికింది, ఏది లేక ఇనపడలే, మూడు అడుగుండ్రి. నాలుగో తరగతి పిల్ల ఈ మూడింటికి జవాబు చెప్పిందంటే పాఠం వచ్చినట్టే.

గోటీ ఎంత ఎత్తు నుంచి?

ఇప్పుడు శక్తి ముచ్చట. షాబాద్ బండ మీద గోటీని జానెడు ఎత్తు నుంచి వదులుండ్రి, తర్వాత మోకాలు ఎత్తు నుంచి, తర్వాత నడుము ఎత్తు నుంచి. పిల్లలు కండ్లు మూసుకొని, ఏది ఎంత ఎత్తు నుంచి పడ్డదో సప్పుడును బట్టి చెప్పాలె. కరెక్టుగ చెప్తరు. ఎత్తు ఎక్కువైతే స్పీడ్ ఎక్కువ, స్పీడ్ ఎక్కువైతే తాకినప్పుడు చేతులు మారే శక్తి ఎక్కువ, వణుకు పెద్దది, సప్పుడు పెద్దది.

తర్వాత అదే నడుము ఎత్తు నుంచి బండ మీద, నాలుగు మడతలేసిన తువ్వాల మీద, ఒక తసలల ఇసుక పోసి దాని మీద. ఈసారి సప్పుడు ఒక్కటే ఇనుడు కాదు, గోటీ ఎంత ఎగిరిందో కూడ చూడమనుండ్రి. బండ మీద టంగుమని ఎగురుతది. తువ్వాల మీద మెత్తగ ధుప్పుమని ఉండిపోతది. ఇసుకల పడి గుంట చేసుకొని అక్కడ్నే కూసుంటది. పడ్డ శక్తి మూడు సార్లు ఒక్కటే, కానీ ఖర్చు వేరే వేరే. ఇసుకల గింజలను పక్కకు జరిపేటందుకు, వాటి రాపిడికి అయిపోయింది, బండ కాడ చాలా వరకు గోటీకే తిరిగొచ్చి మళ్ల ఎగిరింది, కొంచెం వేడి అయింది, ఇంకా కొంచెం సప్పుడు అయింది. ఆ సప్పుడుకు పోయేది నిజానికి చాలా చాలా తక్కువ, మన చెవి అంత సన్నటి శక్తిని కూడ పట్టుకుంటది కాబట్టే మనకు పెద్దగ అనిపిస్తది.

రామప్ప గుడికి పోయినోల్లకు గైడ్లు చెప్తరు కదా, పునాదిల ఇసుక నింపి దాని మీద కట్టిండ్రు అని. 1213ల కట్టిన గుడి, 2021ల యునెస్కో లిస్టుల చేరింది. ఆ ఇసుక భూకంపం వణుకును మెత్తగ తీసుకుంటదని ఇంజనీర్లు చెప్పేది, ఇంట్ల తసలల గోటీ చూసిన పిల్లగానికి బస్సుల పోయేటప్పుడే చెప్పుండ్రి, అక్కడికి పోయినంక వాడు పైన శిల్పాలతో పాటు కింద పునాది కూడ చూస్తడు.

కొట్టేది మెత్తగుంటే

తల్లెను మళ్ల మూడు వేళ్ల మీద పెట్టి, ఒకసారి ఉత్త చెంచాతోని, ఒకసారి చెంచాకు తువ్వాల చుట్టి, ఒకసారి వేలితోని కొట్టుండ్రి. తల్లె ఒక్కటే అయినా మూడు తీర్ల సప్పుడు. గట్టిది గట్టిదానికి తాకితే తాకి ఉండే టైం సెకండ్‌ల వెయ్యో వంతు కూడ ఉండదు, తాకుడు, వదులుడు అంతా రెప్పపాటు కంటే ఎంతో ముందే అయిపోతది, అందుకే పదునైన కీచు సప్పుడు లేస్తది. మెత్తది ఎక్కువ సేపు ఆనుకొని ఉంటది, మెల్లగ నెట్టుతది, సన్న సప్పుడ్లను అదే అణిచేస్తది, బొద్దు సప్పుడే మిగులుతది. కోలాటం కోలలు ఉంటే మంచిగ ఎండిన కట్టెవి, పచ్చి కట్టెవి తెచ్చి పక్కపక్కన కొట్టి చూపియ్యుండ్రి. ఎండినయి టక్ టక్ అంటయి, పచ్చి కట్టెల తడి ఆ వణుకును తాగేస్తది.

పెంబర్తి ఇత్తడి పని చూసే వీలుంటే ఇంకా మంచిది, వరంగల్ నుంచి హైదరాబాద్ రోడ్డు మీద జనగామ దగ్గర్నే. ఉత్త ఇత్తడి రేకును తట్టితే ఎట్ల మోగుతదో, ఎనుక లక్క అంటించినంక అదే రేకు ఎట్ల మూగబోతదో అక్కడ చెవితోనే తెలుస్తది.

సన్న సప్పుడు, బొద్దు సప్పుడు

నాలుగు గిలాసల్ల ఒకదాంట్ల నీళ్లు లేకుంట, ఒకదాంట్ల పావు, ఒకదాంట్ల సగం, ఒకదాంట్ల నిండ పోసి చెంచాతోని పక్కన కొట్టుకుంట పోండ్రి. నీళ్లు పెరిగినకొద్ది సప్పుడు కిందికి దిగుతది, బొద్దుగ అయితది. గిలాస గోడ వణకాలంటే లోపలున్న నీళ్లను కూడ కదిలించాలె, బరువు ఎక్కువైంది, మెల్లగ వణుకుతది. మెల్లగ వణికితే బొద్దు, జల్ది వణికితే సన్నం. మన చెవికి సెకండుకు 20 సార్ల నుంచి 20,000 సార్ల దాక వణికేది ఇనపడ్తది, ముసలితనంల పై లెక్క తగ్గుతది, అందుకే తాతకు ఇనపడని కీచు సప్పుడు మనుమరాలికి ఇనపడ్తది.

ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది, టీచర్లు జర చూసుకోవాలె. అదే నీళ్లు సన్న మూతి ఉన్న సీసల పోసి మూతి మీద నోటితోని ఊదితే ఉల్టా అయితది, నీళ్లు పెరిగినకొద్ది సప్పుడు సన్నం అయితది. ఎందుకంటే అప్పుడు వణికేది సీస కాదు, లోపల మిగిలిన గాలి, నీళ్లు పెరిగితే గాలి జాగ తక్కువైంది. రెండు పక్కపక్కన చేసి "ఏది వణికింది" అని అడుగుండ్రి, నా లెక్కల ఈ ఒక్క జోడీ మొత్తం పాఠానికి సరిపోతది.

దారం కట్టిన చెంచా

ఇది అన్నింట్ల పిల్లలకు బాగ నచ్చుతది. దారం నడిమిట్ల గంటెనో పెద్ద చెంచానో ముడి ఏయుండ్రి. దారం రెండు కొసలను రెండు చూపుడు వేళ్లకు చుట్టి, ఆ వేళ్లను చెవుల మీద ఆనించుకోవాలె, లోపలికి పొడుచుకోవద్దు. ముందుకు వంగితే గంటె గాలిల ఏలాడ్తది. అట్ల ఏలాడే గంటెను ఇంకొకరు చెంచాతోని మెల్లగ తాకించాలె. బయట నిలబడ్డోల్లకు ఇనపడేది ఉత్త టింగ్. చెవులకు దారం ఆనించుకున్న పిల్లకు గుడిల పెద్ద గంట కొట్టినట్టు ఇనపడ్తది, మొఖం చూడాలె అప్పుడు.

గంటె వణుకు దారం పొంట, వేలి పొంట నేరుగ చెవికి పోయింది, గాలిల నాలుగు దిక్కులకు చెదిరిపోలే. దారం వదులుగ ఉన్నా, బల్లకు తగిలినా ఇనపడదు. ఇట్లనే పొడుగు బెంచీకి ఒక కొసన చెవి ఆనిచ్చి ఇంకో కొసన గోరుతోని గీకుమన్నా సాఫ్ ఇనపడ్తది. గాలిల సప్పుడు సెకండుకు 343 మీటర్లు పోతది, నీళ్లల్ల దాదాపు 1500, ఉక్కుల 5000 పైనే. అయితే రైలు పట్టా మీద చెవి పెట్టి చూస్తం అని ఏ పిల్లగాడన్నా అంటే గట్టిగ వద్దనాలె, కాజీపేట దిక్కు పట్టాల పక్కన ఇండ్లున్నోల్లయితే మరీ, రైలు వచ్చే సప్పుడు ఆనవాలు పట్టే లోపల మీద పడ్తది. బెంచీ చాలు.

బయటికి పోయి ఇనాల్సినయి

డప్పు కొట్టే అన్నలు కనపడితే ఆగుండ్రి. మంట కాడ డప్పును కాపుతరు చూడుండ్రి, తోలు దిక్కు మంటకు చూపిచ్చుకుంట, చక్రం లెక్క తిప్పుకుంట, నడుమ నడుమ వేళ్లతోని తట్టి ఇనుకుంట. తోలుల ఉన్న తడి పోయి బిగుతు అయితది, బిగుతు అయితే జల్ది వణుకుతది, సప్పుడు ఖణ్ణుమని పైకి లేస్తది. వాన పడ్డ రోజు మాటిమాటికి కాపుడు అందుకే. "అన్నా, మంటకు పెట్టక ముందు ఒక దెబ్బ, పెట్టినంక ఒక దెబ్బ మా పిల్లలకు ఇనిపియ్యే" అని అడిగితే సంబురంగ కొడ్తరు. సిర్రతోని (లావు కట్టె) కొట్టినప్పుడు ఎట్లుంటది, సిటికెన పుల్లతోని కొట్టినప్పుడు ఎట్లుంటది, నడిమిట్ల కొడ్తే, అంచున కొడ్తే, ఒక్క తోలుల ఇన్ని సప్పుడ్లు ఎట్ల తీస్తరో పిల్లలు ఆ అన్ననే అడగాలె, ఈ పాఠానికి వాళ్లను మించిన సార్లు దొరకరు.

ఎండాకాలం రంజన్ కొనేటప్పుడు పిల్లలను తీస్కపోండ్రి. అమ్మే అవ్వ వేలు మడిచి కణుపుతోని కొట్టి చూపిస్తది, మంచిగ కాలిన కుండ ఖంగుమంటది, పగులు ఉంటే బద్దుమంటది. పగులు కంటికి కనపడకపోయినా, ఆ పగులు రెండు అంచులు ఒకదానికొకటి రాసుకొని వణుకును అక్కడ్నే తినేస్తయి. ఇంటికి టైల్స్ ఏసే మేస్త్రి కూడ ఏసినంక కొట్టి ఇంటడు, కింద సిమెంట్ నిండని కాడ బోలు సప్పుడు వస్తది. పిల్లల చేతికి ఒక చెంచా ఇచ్చి ఇంట్ల బోలు ఉన్న టైల్ ఎక్కడుందో ఎతకమనుండ్రి.

ఏది వణికిందో దొరకని రెండు

పిల్లలు చప్పట్ల కాడ ఆగిపోతరు, "చేతులు మెత్తగ ఉన్నయి కదా, ఏది వణికింది?" అంటరు. నిజమే, చప్పట్లల్ల చర్మం వణుకుడు తక్కువ, రెండు అరచేతుల నడుమ ఇరుక్కున్న గాలి ఒక్కసారి నలిగి బయటికి దుంకుతది, ఆ గాలి దెబ్బే మనకు ఇనపడేది. అరచేతులు చదునుగ పెట్టి కొడ్తే సన్నటి చటుక్కు, దొప్పల లెక్క చేసి కొడ్తే బొద్దు సప్పుడు. బతుకమ్మ కాడ ఆడోల్లు అంత మంది ఒక్క తాళంల చప్పట్లు కొడ్తుంటే కొందరియి ఎందుకు గట్టిగ ఇనపడ్తయో చేతులు చూసి కనుక్కోమనుండ్రి.

రెండోది గోటీకి గోటీ తాకిన టిక్. చిన్న గోటీ లోపల వణుకు ఉంటది గానీ అది మన చెవికి అందనంత జల్ది. మనకు ఇనపడేది, గోటీ ఒక్కసారి ఆగి దిక్కు మార్చుకున్నప్పుడు చుట్టు ఉన్న గాలికి తగిలిన కుదుపు. చిన్నపిల్లలకు ఇంత లోతు అవసరం లేదు, "గోటీ టక్కున ఆగింది, గాలికి దెబ్బ తగిలింది" అంటే చాలు, అట్లని తల్లె లెక్కనే గోటీ కూడ మోగుతది అని మాత్రం చెప్పొద్దు.

దెబ్బ ముందు, సప్పుడు ఎనుక

ఆఖరు పనికి పెద్ద మైదానం కావాలె, ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్ అసొంటిది, లేకపోతే చెరువు కట్ట. ఒకరు స్టీల్ బిందె, కట్టె పట్టుకొని దూరం పోవాలె, చెయ్యి తల మీదికి ఎత్తి కొట్టాలె, దూరం నుంచి సాఫ్ కనపడాలె కదా. యాభై మీటర్ల కాడ తేడా తెలువది. నూటయాభై, రెండు వందల మీటర్లు పోయినంక కట్టె బిందెకు తాకింది కనపడ్తది, ఆ తర్వాత సప్పుడు వస్తది. మూడు వందల నలభై మీటర్ల కాడ నిలబడితే దాదాపు ఒక సెకండ్ ఎనుక. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం అయితే గాలి వేడికి సప్పుడు స్పీడ్ 355 దాక పెరుగుతది, కానీ ఆ ఎండల పిల్లలను నిలబెట్టొద్దు, పొద్దుగాల ఏడు గంటల లోపల చేసుకుంటే బండ్ల మోత కూడ తక్కువుంటది. గ్రౌండ్ ఆ కొస నుంచి ఈ కొసకు అడుగులు కొలుచుడు పిల్లలకే ఇయ్యుండ్రి, ఒకరు లెక్కబెట్టాలె, ఒకరు నోట్‌బుక్‌ల రాయాలె. గాలి గట్టిగ కొట్టే రోజు ఈ పని పెట్టుకోకుండ్రి, సప్పుడు చెదిరిపోయి దూరం నుంచి సరిగ్గ ఇనరాదు.